చేపను అమ్మని జాలరి

వెయ్యి డాలర్లకు పైగా చెల్లిస్తారు. తెల్లారకముందే లేచి పడవెక్కుతారు. గంటల తరబడి అలల మీద ఊగుతారు. చివరికి ఏడడుగుల చేప గేలానికి చిక్కుతుంది. చేతులు పడిపోయేలా లాగి లాగి దాన్ని పడవ పక్కకి తెస్తారు. ఓ ఫొటో తీసుకుంటారు. ఆ తర్వాత... వదిలేస్తారు!

ఇదేం చోద్యం అనిపిస్తోందా? అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో చలికాలం నాలుగు నెలలూ జరిగేది ఇదే. పడవనీ, దాన్ని నడిపే కెప్టెన్‌నీ కలిపి ఒక పూటకో, ఒక రోజుకో అద్దెకి తీసుకునే ఈ పద్ధతిని చార్టర్ ఫిషింగ్ అంటారు. మన విశాఖ హార్బర్లో బోటు నడిపే సరంగుకి ఉన్నంత సముద్రజ్ఞానం ఈ కెప్టెన్లకీ ఉంటుంది. తేడా ఒక్కటే. సరంగు చేపని అమ్ముకుని బతుకుతాడు. ఈయన చేపని బతికించుకుని బతుకుతాడు.

చలికి దిగివచ్చే చుట్టాలు

కీ అంటే ఇక్కడ తాళంచెవి కాదు. చిన్న దీవిని స్పానిష్‌లో 'కాయో' అంటారు. అదే ఇంగ్లిషువాళ్ల నోట్లో పడి 'కీ' అయింది. ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణపు కొస నుంచి నైరుతి దిక్కుగా వంపు తిరిగిన దండలా ఉంటాయీ దీవులు. ఒకప్పుడు వీటిని కలుపుతూ రైలుమార్గం ఉండేది. 1912లో పూర్తయిన ఆ మార్గాన్ని 1935 నాటి భయంకరమైన తుపాను తుడిచిపెట్టింది. ఆ వంతెనల ఆధారంగానే 1938లో రోడ్డు వేశారు. ఇప్పుడు 182 కిలోమీటర్ల పొడవునా 42 వంతెనల మీదుగా సాగిపోతుందా రహదారి. అందులో ఒక వంతెన పొడవే దాదాపు 11 కిలోమీటర్లు. దారి చివర ఉండే ఊరు కీవెస్ట్. అక్కణ్నుంచి క్యూబా 145 కిలోమీటర్లే.

మ్యాపులో చూస్తే కీవెస్ట్ మన ఉదయ్‌పూర్ ఉన్న అక్షాంశానికి దగ్గర్లోనే ఉంటుంది. జనవరిలో న్యూయార్క్ గడ్డకట్టిపోతున్నా ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు. రికార్డుల్లో ఉన్న అత్యంత చల్లని రోజున కూడా 5 డిగ్రీలకు తగ్గలేదు. అందుకే చలికాలం రాగానే ఉత్తరాది జనం ఇటు పరుగెడతారు. చేపలూ అంతే!

దీవులకు కొద్ది మైళ్ల దూరంలోనే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవహిస్తుంటుంది. సముద్రంలో నది అనుకోండి. సెకనుకి దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల గోరువెచ్చని నీరు ఈ దారిన వెళుతుంటుంది. భూమ్మీదున్న నదులన్నీ కలిపినా ఇందులో చిన్న భాగమే. తీరం దగ్గర లేతాకుపచ్చగా ఉండే నీళ్లు పగడపు దిబ్బలు దాటగానే ఒక్కసారిగా ముదురు నీలంలోకి మారిపోతాయి. గీత గీసినట్టు కనిపించే ఆ అంచు దగ్గరే సెయిల్‌ఫిష్ తిరుగుతుంది.

మన జాలర్లు కొమ్ముకోనం అని పిలిచే పొడుగు ముక్కు చేపల కుటుంబమే దీనిది. వీపు మీద తెరచాపలాంటి పెద్ద రెక్క ఉంటుంది. ఫ్లోరిడా రాష్ట్రం తన అధికారిక సముద్రపు చేపగా దీన్నే ఎంచుకుంది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో ఈదుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది కానీ ఇటీవల శాస్త్రవేత్తలు అది వేటాడేటప్పుడు కొలిచి చూస్తే 30 కిలోమీటర్ల దరిదాపుల్లోనే తేలింది. ఆ వేగమే గేలం పట్టుకున్నవాడికి చుక్కలు చూపించడానికి చాలు.

ఉత్తరాన నీళ్లు చల్లబడేకొద్దీ సెయిల్‌ఫిష్ దక్షిణానికి జరుగుతుంది. చలిగాలుల తెర ఒకటి వచ్చిందంటే కెప్టెన్లకు పండగే. మామూలుగా ఇక్కడ గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వీస్తుంటుంది. చలితెర దగ్గరపడుతుంటే అది దక్షిణానికి, నైరుతికి తిరుగుతుంది. తెర దాటగానే ఉత్తరపు గాలి మొదలవుతుంది. గల్ఫ్ స్ట్రీమ్‌దేమో ఈశాన్యం వైపు ప్రయాణం. ప్రవాహానికి గాలి ఎదురొస్తే అలలు నిటారుగా లేస్తాయి. ఆ అలల వాలు మీద తోకలు కనిపించేలా జారుతూ సెయిల్‌ఫిష్‌లు వరసగా వస్తుంటాయి. ఎండ హాయిగా కాస్తూ నీరు అద్దంలా ఉన్న రోజు మనకి బాగుంటుంది. కెప్టెన్ కోరుకునేది మాత్రం పడవని ఊపేసే ఆ గాలినే!

గాలిపటం కట్టిన గేలం

సంక్రాంతి రోజుల్లో మనం మేడల మీద గాలిపటాలు ఎగరేస్తుంటామా... సరిగ్గా అవే రోజుల్లో ఇక్కడి కెప్టెన్లూ సముద్రం మీద గాలిపటాలు ఎగరేస్తారు. సరదాకి కాదు, చేపల కోసం.

తెల్లవారుజామునే కెప్టెన్ పని మొదలవుతుంది. విసురువలతో మన కవళ్లలాంటి చిన్న చేపల్ని పట్టి, నీళ్లు తిరుగుతుండే తొట్టిలో ప్రాణంతో ఉంచుతాడు. అదే ఎర. పగడపు దిబ్బలు దాటాక పడవ వేగం తగ్గించి గాలిపటాన్ని పైకి వదులుతారు. గేలపు దారాల్ని దాని తాడుకి క్లిప్పులతో తగిలిస్తారు. దారం పైనుంచి వేలాడుతుంది కాబట్టి ఎర చేప సరిగ్గా నీటి ఉపరితలం మీదే కొట్టుకుంటుంది. కింద నుంచి చూసే సెయిల్‌ఫిష్‌కి దారం కనిపించదు, గాయపడి గిలగిల్లాడే చేప మాత్రమే కనిపిస్తుంది. గాలి కాస్త పెరిగినా తగ్గినా ఎర నీళ్లలోంచి పైకి లేస్తుంది, లేదా మునిగిపోతుంది. అందుకే డెక్ మీద ఉండే సహాయకుడు, అక్కడివాళ్లు మేట్ అంటారు, కళ్లార్పకుండా దారాల్ని సవరిస్తూనే ఉంటాడు.

చేప ఎరని అందుకోగానే క్లిప్పు ఊడుతుంది. దారం బిగుసుకుంటుంది. కర్ర వంగిపోతుంది. అంతవరకూ కునికిపాట్లు పడుతున్నవాళ్లంతా ఉలిక్కిపడి లేస్తారు. దూరంగా నీళ్లని చీల్చుకుంటూ సెయిల్‌ఫిష్ గాల్లోకి లేస్తుంది. ఒకసారి కాదు... పది, పదిహేనుసార్లు. జీవితంలో గేలం పట్టనివాళ్లు కూడా దాన్ని ఒడ్డు చేరుస్తున్నారంటే అందులో సగం ఘనత చుక్కాని దగ్గరున్న కెప్టెన్‌దే. చేప ఎటు తిరిగితే పడవనీ అటు తిప్పుతూ, అవసరమైతే వెనక్కి నడుపుతూ దారం తెగకుండా కాచుకుంటాడు.

తలకిందుల జెండా

పాత ఫొటోల్లో ఇదే తీరం వేరుగా కనిపిస్తుంది. రేవులో కొక్కేలకు వేలాడదీసిన పెద్దపెద్ద చేపలు, పక్కన గర్వంగా నిలబడ్డ వేటగాళ్లు. చచ్చిన చేపకి గడ్డి కూరి గోడకి తగిలించుకోవడం అప్పటి మోజు. ఇప్పుడు గోడ మీద చేప కావాలంటే కొలతలు ఇస్తే చాలు, ఫైబర్‌గ్లాస్‌తో అచ్చుగుద్దినట్టు చేసిస్తారు.

అట్లాంటిక్ సెయిల్‌ఫిష్‌ని అమ్మడం అమెరికాలో నిషేధం. ఇంటికి తీసుకెళ్లాలన్నా కొలతలూ పరిమితులూ ఉన్నాయి. దాదాపు అందరూ వదిలేయడానికే ఇష్టపడతారు. వదిలేసిన చేప బతకాలంటే గేలం కూడా మారాలి. పాత తరహా గేలాన్ని చేప మింగితే అది పేగుల్లో గుచ్చుకుంటుంది. మొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండే కొత్తరకం గేలం జారుకుంటూ వచ్చి దవడ మూలన పట్టుకుంటుంది. అట్లాంటిక్ తీరంలో జరిగే పొడుగు ముక్కు చేపల పోటీల్లో సహజమైన ఎర వాడితే ఈ గేలమే వాడాలని 2008లో నిబంధన వచ్చింది.

పడవ పక్కకి వచ్చిన చేపని మేట్ గ్లవుజులు వేసుకుని ముక్కు దగ్గర పట్టుకుంటాడు. నీళ్లలో ఉంచే గేలం తీస్తాడు. అలసిపోయిన చేపని వెంటనే వదిలేస్తే మునిగిపోవచ్చు. అందుకని కెప్టెన్ పడవని మెల్లగా ముందుకి పోనిస్తాడు. మొప్పల్లోంచి నీళ్లు పారి ప్రాణం కుదుటపడేదాకా ఆగుతారు. తోక బలంగా ఆడించిందంటే ఇక సెలవే. తిరిగొచ్చేటప్పుడు పడవ మీద సెయిల్‌ఫిష్ బొమ్మ ఉన్న జెండా ఎగరేస్తారు. అది తలకిందులుగా ఉందంటే పట్టి వదిలేశారని అర్థం. రేవులో ఆ తలకిందుల జెండాకే గౌరవం ఎక్కువ.

ఇదంతా దయాగుణమే అనుకోనక్కర్లేదు. లెక్క కూడా ఉంది. చంపిన చేప ఒక్క కస్టమర్‌కే. వదిలేసిన చేప వచ్చే వారం మరొకరి గేలానికి చిక్కవచ్చు, వచ్చే ఏటికి పిల్లల్నీ పెట్టవచ్చు. నిలువెత్తు నీలి నీళ్లలో ఆ చేప ఉందన్న నమ్మకమే కదా కెప్టెన్ అమ్ముకునేది!

గెడకర్ర మీద వేట

గాలి మరీ ఎక్కువై పెద్ద పడవలు బయటికి వెళ్లలేని రోజున ఏం చేస్తారు? దీవులకి అటువైపు ఫ్లోరిడా బే ఉంది. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కు పరిధిలో ఉన్న ఈ సముద్రపు మడుగు చాలాచోట్ల మీటరు లోతుకూడా ఉండదు. 1985తో ఇక్కడ వ్యాపారానికి చేపలు పట్టడం ఆపేశారు. ఇప్పుడు గేలాలదే రాజ్యం.

ఇక్కడి పడవలు వేరు, కెప్టెన్లూ వేరు. ఇద్దరు ముగ్గురు పట్టే చదునైన పడవ. వెనకవైపు చిన్న మంచె. దాని మీద నిలబడి కెప్టెన్ ఇంజను ఆపేసి గెడకర్రతో పడవని తోస్తాడు. మన గోదావరి లంకల్లో నాటుపడవ నడిపినట్టే. నల్ల కళ్లద్దాల్లోంచి నీటి అడుగుని వెతుకుతూ 'పదకొండు గంటల దిక్కున, అరవై అడుగుల్లో' అంటూ చేప జాడ చెబుతాడు. అక్కడికి గురిచూసి విసరడం మన పని. నీటిలో వెండి నీడలా కదిలే బోన్‌ఫిష్ కోసం అమెరికా మాజీ అధ్యక్షుడు సీనియర్ బుష్ ఇక్కడికి తరచూ వచ్చేవారు. బోన్‌ఫిష్‌ని పడితే వదిలేయాల్సిందేనని ఫ్లోరిడాలో 2013 నుంచి చట్టం ఉంది.

చలితెర వచ్చిన మర్నాడు ఈ మడుగులో చేపలు లోతు కాలవల్లోకి వెళ్లిపోతాయి. మధ్యాహ్నం ఎండకి బురద వేడెక్కాక మళ్లీ పైకి వస్తాయి. ఎప్పుడు ఏ కాలవలో ఉంటాయో, ఏ పోటుకి ఏ దిబ్బ మీదకి వస్తాయో ఏ మ్యాపులోనూ ఉండదు. అది కెప్టెన్ బుర్రలోనే ఉంటుంది.

నవలకెక్కిన కెప్టెన్

పడవ ఉంటే చాలు, కెప్టెన్ అయిపోవచ్చు అనుకుంటే పొరపాటే. డబ్బులు తీసుకుని ఆరుగురిలోపు మనుషుల్ని ఎక్కించుకోవాలన్నా అమెరికా కోస్ట్‌గార్డ్ లైసెన్సు కావాలి. పడవల మీద 360 రోజుల అనుభవం చూపించాలి. పరీక్ష రాయాలి. వైద్య పరీక్షలు, మాదకద్రవ్యాల పరీక్ష, ప్రథమచికిత్స శిక్షణ... అన్నీ దాటాలి. లైసెన్సుని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

అంతా చేసినా ఆదాయానికి భరోసా లేదు. డీజిలు, ఎర, పడవ కంతులు, రేవు అద్దె, ఇంజను మరమ్మతులు ఆగవు. గాలివాన వస్తే ఆ రోజు కిరాయి పోయినట్టే. ఈ బతుకులోని కష్టాన్ని బాగా తెలిసి రాసినవాడు ఎర్నెస్ట్ హెమింగ్వే. 1930లలో కీవెస్ట్‌లోనే కాపురం ఉండేవాడాయన. 1934లో పిలార్ అనే సొంత పడవ కొనుక్కుని ఈ నీళ్లలోనే వేటాడాడు. 1937లో వచ్చిన ఆయన నవల 'టు హ్యావ్ అండ్ హ్యావ్ నాట్'లో కథానాయకుడు హ్యారీ మోర్గాన్ ఓ చార్టర్ కెప్టెన్. వారాల తరబడి పడవ వాడుకుని, ఖరీదైన గేలపు సామగ్రి పోగొట్టిన కస్టమరు డబ్బులివ్వకుండా ఉడాయిస్తాడు. అక్కణ్నుంచి ఆ కెప్టెన్ జీవితం దొంగరవాణా వైపు మళ్లుతుంది. ఇప్పుడు ముందే అడ్వాన్సు తీసుకుంటారనుకోండి!

సముద్రం అలిగితే...

కెప్టెన్‌ని ఎగ్గొట్టేది ఇప్పుడు కస్టమరు కాదు, సముద్రమే. 2010 జనవరిలో దాదాపు రెండు వారాలు ఎన్నడూ లేనంత చలి పట్టుకుంది. లోతు తక్కువ నీళ్లు బాగా చల్లబడటంతో స్నూక్ చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. చూడ్డానికి మన పండుగప్పలా ఉండే స్నూక్ అంటే అక్కడివాళ్లకి ప్రాణం. గల్ఫ్ తీరంలో దాన్ని ఇంటికి తీసుకెళ్లడం మీద పెట్టిన నిషేధాన్ని మళ్లీ 2013 సెప్టెంబరులోగానీ ఎత్తేయలేదు.

2015లో కరవు. ఎవర్‌గ్లేడ్స్ నుంచి ఫ్లోరిడా బేలోకి రావాల్సిన మంచినీరు తగ్గిపోయింది. కొన్నిచోట్ల నీళ్లు సముద్రం కంటే దాదాపు రెట్టింపు ఉప్పగా మారాయి. సుమారు 40 వేల ఎకరాల సముద్రపు గడ్డి చచ్చిపోయింది. చేపపిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే. ఒకప్పుడు ఉత్తరం నుంచి నెమ్మదిగా పారుతూ వచ్చే నీటికి గత శతాబ్దంలో కట్టిన కాలవలు, గట్లు, రోడ్లు అడ్డుపడ్డాయి. ఆ ప్రవాహాన్ని మళ్లీ తెరిచేందుకు 2000లో పెద్ద పథకానికి చట్టం చేశారు. 1928 నాటి రోడ్డు ఒకదాన్ని పైకెత్తి వంతెనలుగా మారుస్తున్నారు. కానీ పనులు దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నాయి.

దాంతో గేలాలు పట్టిన చేతులే అర్జీలూ పట్టుకున్నాయి. 2016లో ఫ్లోరిడా నైరుతి తీరపు ఫిషింగ్ గైడ్లు 'కెప్టెన్స్ ఫర్ క్లీన్ వాటర్' అనే సంస్థ పెట్టారు. రాష్ట్ర రాజధానికీ, వాషింగ్టన్‌కీ వెళ్లి చట్టసభల సభ్యుల్ని కలవడం మొదలుపెట్టారు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను కీస్ మీదే తీరం దాటింది. 2020లో కరోనా కారణంగా రెండు నెలలకు పైగా పర్యటకుల్ని దీవుల్లోకి రానివ్వలేదు. 2023 జులైలో ఫ్లోరిడా బే పక్కనున్న మనాటీ బేలో నీటి ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది పగడాలు పాలిపోయాయి.

ఆ చలికాలంలోనే మరో వింత. కీస్ దిగువ దీవుల దగ్గర చేపలు పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరుగుతూ కనిపించాయి. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న రంపపు ముక్కు చేపలు యాభైకి పైగా చనిపోయాయి. రోజూ నీళ్ల మీదే ఉండే కెప్టెన్లు, స్థానికులు ఇచ్చిన సమాచారంతోనే శాస్త్రవేత్తలు పరిశోధన మొదలుపెట్టారు. అడుగున పెరిగే సూక్ష్మ ఆల్గే విషాలే కారణమై ఉంటాయని అనుమానిస్తున్నారు.

సముద్రానికి జ్వరమొస్తే మొదట నాడి పట్టుకునేది వీళ్లే. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన మత్స్యకారులు వేట మానేసి బోట్లు రేవుకి కట్టేసుకుంటారు కదా. చేపకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తేనే తమకీ బతుకన్నది ఆ నిషేధం వెనకున్న సూత్రం. వీళ్లు పాటించేదీ అదే, గేలానికి చిక్కిన ఒక్కో చేపతో.

మీరూ వెళితే...

సెలవులకి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లూ, అక్కడే ఉండే తెలుగు కుటుంబాలూ ఈ సరదా తీర్చుకోవాలంటే కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

* సొంతంగా పడవ మాట్లాడుకుంటే ఖర్చెక్కువ. ఆరుగురు కలిసి పంచుకుంటే భారం తగ్గుతుంది. టిక్కెట్టు కొని పదిమందితో కలిసి వెళ్లే పెద్ద పడవలూ ఉంటాయి. మొదటిసారికి అవే మేలు.

* లైసెన్సు ఉన్న చార్టర్ పడవలో వెళ్లేవాళ్లు విడిగా చేపల లైసెన్సు తీసుకోనక్కర్లేదు. మేట్‌కి మాత్రం కిరాయిలో 15 నుంచి 20 శాతం బహుమానంగా ఇవ్వడం రివాజు.

* పడవ ఊగితే కడుపులో తిప్పే అలవాటుంటే డాక్టర్ని అడిగి ముందే మాత్ర వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు.

* ఇడ్లీలు, పెరుగన్నం పట్టుకెళ్లొచ్చు. అరటిపండ్లు మాత్రం వద్దు! అవి పడవెక్కితే చేప పడదని అక్కడివాళ్ల నమ్మకం. కెప్టెన్ మొహం మాడిపోతుంది.

* తినే చేపలూ పడతాయి. చలికాలంలో దొరికే కింగ్ మాకెరెల్ మన వంజరానికి పినతండ్రి బిడ్డలాంటిది. అయితే అందులో పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులూ, పిల్లలూ తినకూడదు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే బారకుడాతో విషాహార ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంటికి ఎల్లోటెయిల్ స్నాపర్ మంచి ఎంపిక.

* రేవుకి రాగానే మేట్ చేపల్ని చకచకా ముక్కలు కోసిస్తాడు. వండిపెట్టే హోటళ్లూ పక్కనే ఉంటాయి. పులుసు పెట్టుకునే ఆలోచన ఉంటే తలకాయలు పారేయొద్దని ముందే చెప్పాలి. లేదంటే అవి క్షణాల్లో పెలికాన్ల పాలే!